తిట్టడం సరే, తిట్టిన తరువాత?

పిల్లల పెంపకం గురించి మా తిరుపతిలో ఏ నలుగురు కూర్చుని మాట్లాడుకున్నా, కాసేపటికి ఎవరో ఒకరు ఈ మాట అనే తీరతారు: "మా నాయన మమ్మల్ని బెల్టు తీసుకుని బాదినాడు. మేమేం చెడిపోయినామా? బాగలేమా?" పెళ్లి భోజనాల దగ్గర విన్నాను, స్టాఫ్ రూములో విన్నాను, పేరెంట్స్ మీటింగుల్లో అయితే లెక్కే లేదు. అన్నవాళ్లు చెడ్డవాళ్లేం కారు. బిడ్డల ఫీజుల కోసం ఊళ్లో ఉన్న అరెకరా అమ్ముకున్నవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. ఇంకోపక్క ఫోన్లలో తిరిగే నీతులున్నాయి. పిల్లల మీద గొంతు పెంచొద్దు, 'వద్దు' అనే మాటే వాడొద్దు, ఎప్పుడూ నవ్వుతూ ఉండండి అని. తెల్లవారక ముందే లేచి క్యారియర్లు కట్టి, ఏడున్నరకు రేణిగుంట బస్సు పట్టుకునే తల్లికి ఆ మెసేజ్ పంపినవాళ్లను ఏమనాలి?

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. హాస్టళ్లున్న కాలేజీల్లోనే ఎక్కువ కాలం పనిచేశాను. ఈ రెండు పక్షాలూ ఒకే చోట పొరపడుతున్నాయని నా నమ్మకం. ఇద్దరూ తిట్టు దగ్గరే ఆగిపోతారు. తిడితే ఏమీ కాదని ఒకరు, తిడితే బిడ్డ మనసు విరిగిపోతుందని ఇంకొకరు. తిట్టిన తరువాత ఆ ఇంట్లో ఏం జరిగిందని ఎవరూ అడగరు. పిల్లలు పెద్దయ్యాక మనసు కుదురుగా ఉంటుందా లేదా అన్నది చాలావరకు ఆ తరువాతి గంటలోనే, ఆ మరుసటి పొద్దుటే తేలుతుందని నేనంటాను.

ముందు ఆ 'బాగలేమా' సంగతి. ఉద్యోగం, ఇల్లు, అప్పుల్లేని సంసారం... బాగంటే అదే అయితే బాగున్నట్టే. కానీ ఆ మాట అన్న మనిషినే ఇంకొంచెం కదిలించి చూడండి. నాయనకు ఊళ్లో స్లాబు ఇల్లు కట్టించి ఉంటాడు, మోకాలి ఆపరేషన్ చేయించి ఉంటాడు. ఆయన పక్కన కూర్చుని పావుగంట మాట్లాడమంటే మాత్రం టీ తాగొస్తానని లేచిపోతాడు. ఆఫీసులో మేనేజరు "ఒకసారి నా రూముకు రా" అంటే చాలు, ఏం తప్పు చేశానో అని కడుపులో తిప్పుతుంది. భార్యతో మాటామాటా పెరిగితే మూడు రోజులు మాటలుండవు. నాలుగో రోజు "కరెంటు బిల్లు కట్టినావా" అని మొదలుపెడతాడు, అంతకుముందు జరిగింది ఎక్కడిదక్కడే ఉంటుంది. గొడవ ఎట్లా మొదలవుతుందో ఆయన చిన్నప్పుడే నేర్చుకున్నాడు. ఎట్లా ముగించుకోవాలో ఎవరూ చేసి చూపించలేదు. తల వంచుకోవడం, లేదంటే తలుపేసుకోవడం, ఆయనకు తెలిసినవి ఆ రెండే.

ఈ విషయం మీద నాకు బాగా నచ్చింది ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన పని. 1970ల్లో ఆయన మొదలుపెట్టిన ప్రయోగాన్ని వీడియోల్లో మీరు చూసే ఉంటారు. తల్లి తన నెలల బిడ్డతో ఆడుకుంటూ ఉంటుంది. తరువాత, ముందే అనుకున్న ప్రకారం, ముఖంలో ఏ కదలికా లేకుండా బిడ్డనే చూస్తూ కూర్చుంటుంది. రెండు మూడు నిమిషాలే. బిడ్డ నవ్వి చూస్తుంది, చేతులు చాపుతుంది, కేక పెడుతుంది. ఏదీ పనిచేయకపోతే మొహం తిప్పేసుకుని నీరసపడిపోతుంది. చూసిన తల్లులు హడలిపోతారు. ఆ వీడియో ఫార్వర్డ్ చేసేవాళ్లు చెప్పని సంగతి ఇంకొకటుంది. ఏ లోటూ లేని మామూలు తల్లీబిడ్డల్ని గమనించినా, ఇద్దరికీ తాళం కుదిరేది సుమారు 30 శాతం సమయమే అని ట్రోనిక్ బృందం తేల్చింది. మిగతాదంతా తప్పడం, మళ్లీ కలుపుకోవడం. బిడ్డ నవ్వే సమయానికి తల్లి పొయ్యి మీద పాలు చూస్తుంటుంది. తల్లి ముద్దు చేసే సమయానికి బిడ్డకు నిద్ర ముంచుకొస్తుంటుంది. తప్పినా మళ్లీ కలుస్తుందన్న అనుభవమే బిడ్డకు ధైర్యమిస్తుందని ఆయన వాదన. నెలల బిడ్డ సంగతి పదహారేళ్లవాడికి అచ్చంగా సరిపోతుందని నేననను. కానీ నా క్లాసులో పరీక్ష పేపరు చేతికి రాగానే మడిచి జేబులో దోపుకునే పిల్లవాడికీ, "మేడం, ఇది ఎందుకు తప్పు?" అని లేచి నిలబడే పిల్లవాడికీ తేడా మార్కుల్లో ఉండదు. తప్పు బయటపడితే ఆ తరువాత ఏమవుతుందో ఇద్దరికీ ఇంట్లో తెలిసిన తీరులో ఉంటుంది.

మన ఇళ్లల్లో కలుపుకోవడం లేదా? ఉంది, తిండిలో ఉంది. పొద్దున వీపు విమానం మోత మోగించిన నాయన రాత్రికి మిక్చర్ పొట్లం తెచ్చి టీవీ పక్కన పెడతాడు. అమ్మ సంగటి ముద్ద మీద నెయ్యి ఇంకో చెంచా వేసి, ఊరిబిండి జరిపి, "తిను, పొద్దుపోతా ఉంది" అంటుంది. దీన్ని నేను తక్కువ చేయను. ఆరేడేళ్ల బిడ్డకు ఆ మిక్చర్ పొట్లం అర్థమవుతుంది. పద్నాలుగేళ్ల పిల్లకు అర్థం కాదు. అర్థమైనా, "అంత మాట అని పొట్లంతో సరిపెడతాడా" అని ఇంకా మండుతుంది. ఇచ్చేది ఎందుకిస్తున్నారో ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి.

మా ఇంట్లో ఆ చెప్పే పని అవ్వది. నాయన చిత్తూరులో బెల్లం మండీ గుమాస్తా. గానుగలాడే రోజుల్లో మండీలో తల తిప్పుకునే తీరిక ఉండేది కాదు. లెక్క తేలని రాత్రి ఇంటికొస్తే, ఎవరు ఎదురుపడితే వాళ్ల మీద పడేవాడు. నా తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు అట్లాంటి రాత్రే ఆయన చేతికి పోయింది. లెక్కల్లో తప్పినాను. కార్డు గోడకేసి కొట్టి, "దీని చదువుకు పెట్టే దుడ్డు ఆవుకు పెట్టుంటే పాలన్నా ఇచ్చుండు" అన్నాడు. నేను మిద్దె మీదకు పోయి కూర్చున్నాను. కాసేపటికి అవ్వ మోకాళ్లు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి వచ్చింది. ఓదార్చలేదు. "మీ నాయన ఈ పొద్దు సావుకారు దగ్గర మాట పడినాడు. లెక్కలో నూటెనభై రూపాయలు తేడా వచ్చిందంట. ఆ కోపం నీ మిందది కాదు. అయినా ఆ మాట అనకూడదు, నేనడుగుతాలే" అనింది. కిందికి దిగి, నాయనకు అన్నం పెడుతూ, నాకు మిద్దె మీదికి వినిపించేటట్టే "ఆడబిడ్డ మింద అరిస్తే నీ లెక్క తేలుతుందేంరా?" అని అడిగింది. ఆయన పలకలేదు. పొద్దున లేచేసరికి సంతకం చేసిన కార్డు నా పుస్తకాల మీద ఉంది, పక్కన కొత్త పెన్ను. ఆ సంగతి నాయన మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. అవ్వ ఆ మెట్లు ఎక్కి ఉండకపోతే ఆ పెన్ను ఎందుకొచ్చిందో నాకు తెలిసేది కాదు. ఆవు మాట మాత్రం తెలిసి ఉండేది.

అందుకే 'బాగలేమా' అనేవాళ్లను ఒకటే అడుగుతుంటాను: మీ నాయన కొట్టినప్పుడు ఇంట్లో ఇంకెవరుండేవాళ్లు? కాస్త ఆలోచించి ఏదో ఒక పేరు చెప్తారు. అవ్వ, మేనత్త, పెళ్లికాని చిన్నాయన, ఎదురింటి టీచరమ్మ. హవాయి దీవుల్లో కవాయి అనే చోట 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే పరిశోధకురాలు, ఆమె తోటివాళ్లు దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. పేదరికం, తాగుడు, ఇంట్లో ఎడతెగని గొడవలు, ఇట్లాంటివి ఒకదాని మీద ఒకటి వచ్చిపడిన ఇళ్లలో పెరిగినవాళ్లు మూడింట రెండొంతుల మంది చదువులోనో, ప్రవర్తనలోనో, మానసికంగానో చిక్కుల్లో పడ్డారు. మిగతా మూడో వంతు నిలదొక్కుకున్నారు. ఆ నిలదొక్కుకున్నవాళ్లకు చిన్నప్పుడు కనీసం ఒక్క పెద్ద మనిషితోనైనా గట్టి అనుబంధం ఉండింది. అది తల్లో తండ్రో కానక్కరలేదు, అవ్వాతాతలైనా సరిపోయింది. బెల్టు వల్ల బాగుపడ్డామనుకునేవాళ్లు, బెల్టు ఉన్నా బాగుపడ్డారేమో ఒకసారి చూసుకోవాలి.

పాత ఉమ్మడి ఇల్లు స్వర్గమేం కాదు. మనవడికి మీగడ వేసి మనవరాలికి నీళ్ల మజ్జిగ పోసిన అవ్వలు ఆ ఇళ్లలోనే ఉన్నారు. కోడలి మీద కోపం కోడలి బిడ్డ మీద తీర్చుకున్నవాళ్లూ ఉన్నారు. అయితే మనుషులు ఎక్కువ కాబట్టి, ఒకరు కసిరితే ఇంకొకరి దగ్గరికి పోవడానికి వీలుండేది. ఇప్పుడు కొర్లగుంటలోనో బైరాగిపట్టెడలోనో ఒక డబుల్ బెడ్రూం ఇల్లు, అందులో ముగ్గురో నలుగురో. అవ్వ ఊళ్లో ఆవుల దగ్గర ఉంటుంది. వీడియో కాల్లో "తిన్నావా, బాగుండావా" వరకే ఆమెకు దారి. అమ్మ మధ్యవర్తిగా ఉంటుందనుకుంటే, ఆమె కూడా సాయంత్రానికి అలిసిపోయి ఉంటుంది, పైగా సగం గొడవలు ఆమెతోనే. అంటే, అవ్వ చేసిన పని ఇప్పుడు తల్లీతండ్రీ సొంతంగా, సొంత నోటితో చేయాలి. ఇది మనకు కొత్త పని. మన ముందు తరం చేయగా మనం చూడలేదు, కాబట్టి నోరు తిరగదు.

"బిడ్డ దగ్గర తగ్గితే అలుసైపోమా మేడం? నెత్తికెక్కి కూర్చుంటారు" అని అడుగుతారు. న్యాయమైన భయమే. డయానా బౌమ్రిండ్ అనే పరిశోధకురాలు 1960ల్లో కాలిఫోర్నియాలో తల్లిదండ్రుల తీరును గమనించి మూడు రకాలు చేసింది. చెప్పింది చెయ్, ఎందుకని అడగొద్దు అనేవాళ్లు. అడిగిందల్లా ఇచ్చి ఊరుకునేవాళ్లు. కట్టడి గట్టిగానే పెట్టి, ఎందుకో చెప్పి, బిడ్డ మాట కూడా వినేవాళ్లు. తమ మీద తమకు అదుపు, నమ్మకం ఉన్న పిల్లలు ఆ మూడో రకం ఇళ్లలో ఎక్కువగా కనబడ్డారు. ఆ ఇళ్లలో కట్టడి తక్కువేం లేదు. "ఇందాక నేను అరిచింది తప్పు. ఫోన్ మాత్రం పదింటికి ఇచ్చేయాల్సిందే" అనే వాక్యంలో అలుసు ఎక్కడుంది? రూలు రూలుగానే ఉంది, అరుపు ఒక్కటే వెనక్కి పోయింది. మనవాళ్లు ఈ రెండింటినీ ఒక మూట కట్టేస్తారు. అరుపు వెనక్కి తీసుకుంటే రూలు కూడా పోతుందని భయపడతారు. లేదా పొద్దున అరిచిన బాధకు సాయంత్రం ఫోన్ చేతిలో పెట్టేసి, రూలునే వెనక్కి తీసుకుంటారు.

ఇందులో బిడ్డ కోపం వినడం కూడా ఉంది. అది మనకు ఇంకా కష్టం. మే నెలలో మా తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తే, వేషం వేసినవాడు ఎంత పెద్దమనిషిని తిట్టినా ఎవరూ ఏమీ అనుకోరు, అది మొక్కులో భాగం. చిన్నపిల్లలకు కూడా వేషాలు కడతాం. మిగతా ఏడాదంతా అదే పిల్లవాడు "మీరన్నది నాకు బాధేసింది" అంటే "ఎదురు మాట్లాడితే పళ్లు రాలగొడతా" అంటాం. లోపల పెట్టుకున్న కోపం ఎక్కడికీ పోదు. కొందరిలో తలనొప్పిగా, కడుపునొప్పిగా తేలుతుంది. స్కానింగులన్నీ నార్మల్ వచ్చాక కూడా తగ్గని కడుపునొప్పులు పరీక్షల ముందు మా హాస్టల్లో ఎన్ని చూశానో.

ఒక హద్దు మాత్రం గీయాలి. కలుపుకుంటే సరిపోతుందన్న నా వాదన అన్నిటికీ పనికిరాదు. రాత్రి తాగి భార్యను కొట్టి, పొద్దున బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏడ్చే నాయన కూడా 'తప్పయింది' అనే అంటాడు, వారం తిరక్కుండా మళ్లీ అదే. అట్లాంటి క్షమాపణ వినీ వినీ బిడ్డ నేర్చుకునేది, మాటలకు విలువ లేదని. శాన్ డియాగోలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అనే డాక్టర్లు 1995-97 మధ్య 17,000 మందికి పైగా పెద్దవాళ్ల చిన్ననాటి సంగతులు సేకరించారు. కొట్టడం, లైంగిక హింస, పట్టించుకోకపోవడం, తల్లిని కొడుతుంటే చూడటం, ఇంట్లో తాగుడు, ఇట్లాంటివి ఎన్ని ఎక్కువైతే పెద్దయ్యాక డిప్రెషన్, వ్యసనాలు, ఆత్మహత్యా ప్రయత్నాలు, చివరికి గుండెజబ్బులు కూడా అంత ఎక్కువగా కనబడ్డాయి. అక్కడ కావలసింది ఆ పని ఆగడం. ఆగకపోతే బిడ్డ తరఫున ఇంకొకరు దిగాలి. చైల్డ్ లైన్ ఫోన్ నంబరు 1098 ఉన్నది అందుకే. సారీలు ఆ తరువాతి మాట.

ఇక హాస్టల్. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే. పలమనేరు నుంచి, పుంగనూరు నుంచి, సత్యవేడు నుంచి పిల్లల్ని తెచ్చి ఇక్కడ చేరుస్తారు. ఇప్పుడు ఎనిమిదో తరగతికే తెస్తున్నారు. నేను చూసిన చోట్ల ఫోన్ ఆదివారం, వార్డెన్ గది ముందు వరుసలో నిలబడి, మనిషికి పది నిమిషాలు. వారంవారం పరీక్ష మార్కులు మెసేజ్‌గా ఇళ్లకు పోయేది శనివారం రాత్రి. పక్కన నిలబడితే పిల్లల వైపు మాటలే వినిపిస్తాయి. "ఊ. ఊ. లేదు నాయనా, ఫిజిక్స్‌లో పెరిగింది. ఊ. తెలీదు. ఊ. తింటాండా. సరే." గోడ వైపు తిరిగి మాట్లాడతారు, వెనకవాళ్లకు మొహం కనబడకుండా. పది నిమిషాల్లో ఎనిమిది మార్కులకే పోతాయి. ఇంట్లో అయితే తిట్టిన నాయన గంట తరువాత ఎదురుపడతాడు, మిక్చర్ పొట్లమన్నా తెస్తాడు. ఇక్కడ తిట్టు ఆదివారం, మళ్లీ గొంతు వినేది వచ్చే ఆదివారం. ఆ ఏడు రోజులూ పిల్లవాడు ఆ ఎనిమిది నిమిషాలనే నెమరేసుకుంటాడు. అవతల నాయన సోమవారానికే మరిచిపోయి ఉంటాడు.

"మొదటి నెల ఏడ్చినాడు మేడం, ఇప్పుడు సెట్ అయిపోయినాడు" అని సంతోషంగా చెప్తారు. నాకు జేమ్స్ రాబర్ట్‌సన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు గుర్తొస్తాడు. 1940లు, 50ల్లో ఇంగ్లండు ఆసుపత్రుల్లో పిల్లల్ని చేర్చుకుంటే తల్లిదండ్రుల్ని సరిగా చూడనిచ్చేవాళ్లు కాదు. తల్లీబిడ్డల అనుబంధం మీద పరిశోధించిన మానసిక వైద్యుడు జాన్ బౌల్బీతో కలిసి పనిచేసిన రాబర్ట్‌సన్ అట్లా ఒంటరైన చిన్నపిల్లల్ని గమనించాడు. మొదట ఏడుపు, తరువాత దిగులు. ఆ తరువాత బిడ్డ ఏడుపు మాని, నర్సులతో నవ్వి, పెట్టింది తింటుంది. అలవాటుపడిందని అందరూ అనుకుంటారు. తల్లి వచ్చినప్పుడు మొహం తిప్పేసుకుంటుంది. తల్లి మీద ఆశ పెట్టుకోవడం మానేసిందన్నమాట. వాళ్లు రెండు మూడేళ్ల పిల్లలు, మావాళ్లు మీసాలొచ్చినవాళ్లు, ఆ తేడా పెద్దదే. అయినా రెండో ఏడాది పిల్లల్లో "ఫోన్ వద్దులే మేడం, చదువుకోవాల" అని వరుసలోంచి తప్పుకునేవాళ్లను చూస్తే, సెట్ అయ్యారన్న మాట నా నోటికి రాదు.

వేరేగా చేసినవాళ్లున్నారు. కొండకు బస్సు నడిపే డ్రైవర్ ఒకాయన, కెమిస్ట్రీ మార్కులకు ఆదివారం ఫోన్లో కొడుకును నానా మాటలూ అన్నాడు. మంగళవారం మధ్యాహ్నం ఖాకీ చొక్కాతోనే గేటు దగ్గరికి వచ్చాడు. వారం మధ్యలో విజిటింగ్ లేదని వాచ్‌మన్ ఆపితే నన్ను పిలిపించారు. పిల్లవాడు మళ్లీ తిట్లకేమోనని భయపడుతూ వచ్చాడు. ఆయన చేతిలో తినుబండారాలేం లేవు. "మొన్న అట్ట అనకూడదు నేను. ఘాట్ ఎక్కుతా ఉంటే అదే గుర్తొస్తా ఉండాది. కెమిస్ట్రీ మాత్రం చదవాల. అర్థం కాకుంటే అడుగు, గమ్మునుండొద్దు" అన్నాడు. కొడుకు దానికి జవాబే చెప్పలేదు. "డ్యూటీ లేదా నాయనా?" అని అడిగాడు. ఉందని, ఇంకో ట్రిప్పు పోవాలని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. అంతా కలిపి ఐదు నిమిషాలు. తరువాతి పరీక్షలో మార్కులు పెద్దగా పెరగలేదు. ఆదివారం ఫోన్ వరుసలో మాత్రం వాడు అందరికంటే ముందు నిలబడ్డాడు.

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. అంత పెద్ద అంకె వెనక ఏ ఒక్క కారణమూ ఉండదు, తల్లిదండ్రుల మీద తోసేయడం అన్యాయం. కానీ బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య కనబడింది. అరవై మంది ఉన్న సెక్షన్లో నలుగురు. ఆ నలుగురూ ముందుగా ఎవరికి చెప్పుకోగలరన్నదే నా ప్రశ్న. నిద్రపట్టకపోవడం, తిండి మానడం, చచ్చిపోతే బాగుండన్న మాట నవ్వుతూ అన్నా సరే, తేలిగ్గా తీసుకోవద్దు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

మా కాలేజీకి నేను రాసి ఇచ్చింది చాలా చిన్న మార్పు. మార్కుల మెసేజ్ శనివారం రాత్రి బదులు సోమవారం పంపండి, ఆదివారం ఫోన్ మార్కుల్లేని మాటలకు మిగులుతుంది. బుధవారం సాయంత్రం ఇంకో పది నిమిషాలు ఫోన్ ఇవ్వండి, సోమవారం ఎవరైనా బాధపడి ఉంటే సర్దుకుంటారు. "మెసేజ్ ఒక్క రోజు లేటైనా పేరెంట్స్ ఊరుకోరు మేడం" అన్నారు. ఆ పేరెంట్స్ మీరే కదా. వచ్చే మీటింగులో ర్యాంకుల చార్టు ముందు కూర్చున్నప్పుడు ఈ రెండూ అడగండి. ఒకరిద్దరు అడిగితే రాసుకుని పక్కన పెడతారు, నలభై మంది అడిగితే చేస్తారు. క్లాసు రూములకు ఏసీలు అట్లా అడిగే కదా పెట్టించుకున్నారు.